మెట్టసీమ భూగోళము

నెల్లూరు అనగానే చదువరుల కన్నులకు పెన్నానది, పచ్చని వరిమళ్లు, మొలగొలుకుల బియ్యము కనిపించును. ఆ చిత్రము జిల్లా తూర్పుభాగమునకే చెల్లును. ఆత్మకూరు దాటి వాయవ్యముగా ఉదయగిరి వైపు సాగినకొలది నేల గట్టిపడును, పైరు పలుచనగును, వెలిగొండలు దగ్గరకు వచ్చును. ఈ భాగమును జనులు మెట్ట అందురు. ప్రభుత్వ పత్రములు వెనుకబడిన ప్రాంతమనును. మొదటి మాట నేల స్వభావమును తెలుపుచున్నది. రెండవ మాట మనుష్యులపై తీర్పు చెప్పుచున్నది. ఆ తీర్పును మన పాఠశాలలు కూడ విచారింపక స్వీకరించుట నాకు సమ్మతము గాదు.

ఉదయగిరి కొండ మూడువేల అడుగులకు పైబడిన ఎత్తు గలది. గజపతుల అధీనమున నున్న ఆ దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో సాధించెను. అక్కడి బాలకృష్ణ విగ్రహమును హంపికి కొనిపోయి, దానికై ఆలయము కట్టించి ప్రతిష్ఠించెను. నేడది చెన్నపట్టణపు మ్యూజియములో నున్నది. ఈ సీమ బాలురవలెనే బాలకృష్ణుడును వలసపోయినవాడే! రాయలకు పూర్వమే ఉదయగిరికి సాహిత్యమున స్థానము కలదు. దూబగుంట నారాయణకవి తన పంచతంత్రమును ఉదయగిరి నేలిన బసవరాజునకు అంకిత మిచ్చెను.

ఇంతవరకు మన విద్యార్థులకు ఏదో ఒక తరగతిలో తెలియును. అక్కడితో పాఠము ముగియును. 1514 తరువాత ఆ యూరిలో ప్రొద్దు పొడవనట్లే మనము మాటలాడుదుము.

కలిగిరి మండలమున దూబగుంట అను గ్రామమున్నది. పంచతంత్రకర్త ఇంటిపేరును ఆ యూరి పేరును ఒక్కటే. అక్షరాస్యతా ఉద్యమములో రాత్రిబడికి పోయిన ఆ యూరి స్త్రీలు, తమవంటి వారి కథను వాచకములో చదువుకొని, చదివినదానిని నమ్మి, 1992లో తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట అంటుకొన్నది. 1993లో సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. మద్యనిషేధము తరువాత సడలిపోయినది. అది వేరు కథ. ఒక పాఠ్యపుస్తకము చదివినవారిచేత ఇంతపని చేయించిన సందర్భము మరియొకటి నేనెరుగను. ఉపాధ్యాయులకు ఇంతకంటె గర్వకారణమేమి కావలెను? అయినను మెట్టసీమ బడులలోనే దూబగుంట మాట వినిపించుట అరుదు.

ఉదయగిరిలో చెక్క చెంచాల పని ఇప్పటికిని సాగుచున్నది. దుర్గము అడవిలో దొరకు నర్ది, బిక్కి మొదలగు కలపతో గరిటెలు, చెంచాలు, ముళ్లచెంచాలు చెక్కుదురు; పిడులపై సన్నని నగిషీలు తీర్చుదురు. పనివారిలో ముస్లిము కుటుంబములవారు, అందును స్త్రీలు, ఎక్కువ. ఈ వస్తువులకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది. అనగా ఈ పనితనము ఈ నేలకే చెందినదని చట్టము ఒప్పుకొన్నది. ఏ చెట్టు కొమ్మ ఏ వస్తువునకు పనికివచ్చునో ఆ తల్లులకు తెలిసినంత మన వృక్షశాస్త్ర విద్యార్థికి తెలియదు. వారి పిల్లలు మాత్రము ఆ విద్యను విద్యగా ఎంచుట లేదు. ఎంచకుండునట్లు మనమే నేర్పితిమి.

ఆత్మకూరు సంగతి వేరు. దుర్గము లేదు, పురాణము లేదు, రహదారి ఉన్నది. నెల్లూరునుండి బద్వేలు వైపు పోవు జాతీయ రహదారిపై నుండుటచేత అంగడి పెరిగినది, కార్యాలయములు వచ్చినవి, ఊరు పురపాలకమైనది. 2011 లెక్కలలో జనసంఖ్య 30 వేలకు అటునిటు. 2021లో జరుగవలసిన జనగణన ఆ యేట జరుగలేదు. జరిగినను, బెంగుళూరునకో, హైదరాబాదునకో కూలికి, కొలువునకు పోయి పండుగకు మాత్రము వచ్చువారు ఈ ఊరి పద్దులో చేరరు.

ఇక నీరు. ఆత్మకూరునకు చేరువనే, అనంతసాగరము మండలమున, 78 టి.ఎం.సి.ల సోమశిల జలాశయమున్నది. శ్రీశైలమున బయలుదేరిన కృష్ణాజలము తెలుగుగంగగా సోమశిలకు, అటనుండి కండలేరునకు చేరి, 1996 నుండి చెన్నపట్టణపు దాహము తీర్చుచున్నది. సంతోషమే, దాహమునకు సరిహద్దు లేదు. కాని ఉదయగిరి ప్రాంతమున పెక్కు గ్రామములవారు నేటికిని ఫ్లోరైడు కలిసిన బోరునీటితో పండ్లు, ఎముకలు చెడగొట్టుకొనుచున్నారు. మెట్టకు నీరెక్కించు ఎగువ కాలువను తలపెట్టి ఏండ్లు గడచినవి. ఇంతటి జలాశయము ప్రక్కన దాహముతో నుండు సీమను వెనుకబడినదనుట సరియైన తెలుగు కాదు, వెనుకకు నెట్టబడినదనవలెను.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల ఉపాధ్యాయులు ఈ యేడు ఒక పని చేసి చూడుడు. అమెరికాలో అన్నయున్న పట్టణపు చలికాలమును చెప్పగల పిల్లవానిచేత, తన యింటి బోరు ఎన్ని అడుగుల లోతో, ఆ నీటిలో ఫ్లోరైడు ఎంతయో, వీధిలో ఎన్ని ఇండ్లకు తాళములున్నవో వ్రాయింపుడు. ఉదయగిరి పిల్లలచేత అదనముగా కొండమీది చెట్ల పేర్లు, చెంచాలు చెక్కు అవ్వనడిగి, వ్రాయింపుడు. ఆ నోటుపుస్తకములను పరీక్ష ముగియగానే చిత్తుకాగితములకు అమ్మక బడి బీరువాలో దాచుడు. పై యేడు తరగతివారు అక్కడినుండి మొదలు పెట్టుదురు.