గోడలో దాచిన గ్రంథము

అంతర్జాలమున నొకమారు వ్రాసినది ఆచంద్రార్కము నిలుచునని ఈ వారము ఒక సభలో ఒక వక్త సెలవీయగా సభికులు కరతాళధ్వనులు చేసిరి. ఆ పెద్దమనిషి చీనాదేశపు వర్తమానములు వినినట్లు తోచదు.

1987 సెప్టెంబరులో బీజింగు నుండి జర్మనీకి పోయిన తొలి ఈమెయిలు, మహాకుడ్యమును దాటి ప్రపంచపు మూలమూలకు చేరగలమని సగర్వముగా చాటెను. 1994లో 64 కిలోబిట్ల సన్నని తీగతో అంతర్జాలమున ప్రవేశించిన ఆ దేశమున, 2021 నాటికి వాడుకరులు నూఱు కోట్లు దాటిరి. ఇందఱు అహోరాత్రములు వ్రాయుచుండగా నిలిచినదెంత? 2024 మే నెలలో హ జియాయెన్ అను రచయిత, 1998 మొదలు 2005 వఱకు గల కాలమునకు ప్రసిద్ధ వర్తకుడు జాక్ మా పేరును బైదూ అను వెదకుయంత్రములో వెదకగా, దొరికినది ఒక్కటంటే ఒక్క ఫలితము. ఆ సంగతి తెలుపుచు ఆయన వ్రాసిన వ్యాసమును సైతము తొలగించిరి. ఆయన వాదమునకు ఇంతకంటె బలమైన సాక్ష్యము మఱొకరు సమకూర్పలేరు.

అట్లని అచ్చటి జనులు నోరు మూసికొని కూర్చుండువారు కారు. 2020 మార్చిలో కరోనా మహమ్మారి తొలినాళ్లను గూర్చి వుహాన్ వైద్యురాలు ఐ ఫెన్ చెప్పిన మాటలను ఒక పత్రిక ప్రకటింపగా, అధికారులు నాడే దానిని తుడిచివేసిరి. అంతట పాఠకులలో కొందఱు ఆ వ్యాసమును తుదినుండి మొదటికి త్రిప్పి వ్రాసిరి. కొందఱు ఇమోజీలలో, కొందఱు మోర్స్ కోడులో, మఱికొందఱు మూడువేల యేండ్లనాటి తాబేటిచిప్పల లిపిలో వ్రాసి పంచిరి. యంత్రపు కన్నుగప్పుటకు పూర్వికుల లిపిని శరణుజొచ్చిన ఈ చమత్కారమునకు జోహారులు!

అయినను నాకు సర్కారు కత్తెరకంటె వర్తకుని ఖాతాపుస్తకము పట్లనే భయమధికము. 1999లో హైనాన్ ద్వీపమున వెలసిన తియెన్యా వేదికపై, 2006లో కస్టమ్స్ శాఖలోని ఒక చిన్న యుద్యోగి మింగ్ వంశచరిత్రమును సరసముగా ధారావాహికగా వ్రాసి దేశమంతటిని చదివించెను. అట్టి తియెన్యా 2023లో సర్వర్ల బిల్లులు చెల్లింపజాలక మూతపడినది. 2019లో బైదూ వారు తమ చర్చావేదికయగు తియెబాలోని 2017కు పూర్వపు వ్రాతలను ‘మరమ్మతు’ నెపమున మఱుగుపఱచిరి. ఇప్పటి వ్రాతలలో పెక్కు వీచాట్ వంటి యాప్‌ల కోటలలో బందీలు. వెలుపలి వారు వెదకినను కానరావు.

క్రీ.పూ. 213లో ఛిన్ చక్రవర్తి గ్రంథములను దగ్ధము చేయించినపుడు, ఫూ షెంగ్ అను పండితుడు షూజింగ్ అను ప్రాచీన చరిత్రగ్రంథపు ప్రతిని తన యింటి గోడలో దాచెనట. హాన్ వంశము రాజ్యమునకు వచ్చిన పిదప తీసి చూడగా 29 అధ్యాయములు దక్కెను. తాటాకును, కాగితమును, తుదకు వెదురుబద్దను నేను పదేపదే పొగడుటకు మిత్రులు విసుగుకొందురు గాని, అద్దె చెల్లని సర్వరు నుండి ఎన్ని అధ్యాయములు దక్కునో వారే చెప్పవలెను.

ఇక మన తెలుగువారి వ్రాతలను తుడిచివేయు చక్రవర్తి ఎవ్వడును లేడు; ఆ శ్రమ మనమే పడుచున్నాము. మన పత్రికలు తొలినాళ్లలో తమతమ సొంత ఫాంట్లలో ఇంటర్నెట్టున పెట్టిన వార్తలు నేడు తెఱచిన వింత గుర్తుల రాశి. మంచి వ్యాసములు ఫేస్‌బుక్‌లో పుట్టి, వాట్సాప్‌లో కర్త పేరు పోగొట్టుకొని ఊరేగుచున్నవి. అచ్చు ప్రతి నొకటి గ్రంథాలయమున నుంచుడని యందమా, ఆ గ్రంథాలయములు ఎట్లున్నవి? ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సును మనము చెల్లించుచునే యున్నాము. వసూలైన సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమచేయక పలు పురపాలక సంఘములు ఏండ్లతరబడి బకాయిపడి యున్నవి. ఆ బకాయి రాబట్టి, ముందుగా పాత పత్రికల బైండు సంపుటములున్న గదులకు తాళము తీయించి, చెదలు వదలించి, ఒక ఉద్యోగిని నియమింపుడు.