గోడకి అరంగుళం దూరంలో

క్లిక్-లాక్ చెక్క ఫ్లోరింగ్ ఇంట్లో మనమే వేసుకోవచ్చా? నిక్షేపంగా వేసుకోవచ్చు, మేకులక్కర్లేదు, జిగురక్కర్లేదు. కానీ మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకో జబ్బుంది: డెడ్‌లైన్ ముంచుకొస్తే, కంటికి కనబడని పనులన్నీ ఎగ్గొడతాం.

నేనూ అంతే. అమ్మావాళ్ళు ఇండియా నుంచి దిగేలోగా అయిపోవాలని, చెక్క పెట్టెల్ని రెండు మూడు రోజులు గదిలో ఉంచకుండానే బిగించేశాను. గోడల వెంట అరంగుళం ఖాళీ వదలమని పెట్టెలోని కాగితం చెప్పినా, అందంగా ఉండదని వదల్లేదు. వేసవి ఉక్కకి చెక్క ఉబ్బింది; జరగడానికి చోటు లేక హాలు మధ్యలో పైకి లేచింది. నాన్నగారు కాలు తగిలి పడబోయి, సోఫా పట్టుకుని నిలదొక్కుకున్నారు.

ఆ ఖాళీ ఎలాగూ బేస్‌బోర్డు కింద దాగిపోయేదే! మీరు మొదలుపెట్టేముందు చుట్టాలొచ్చే తేదీ కాదు, ఆ కాగితం చూడండి.