ఇంటి డబ్బాకు ప్రమాద సూచిక ఏదీ?

బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడితే విశాఖ రేవులో ప్రమాద సూచిక ఎగురవేస్తారు. అది ఎన్నో నెంబరో తెలియగానే జాలరిపేటలో పడవలు ఒడ్డెక్కుతాయి. చదువురాని వారికి సైతం ఆ భాష తెలుసు. ఇంట్లో టీవీ పక్కన పచ్చదీపాలతో మిణుకుమనే ఇంటర్నెట్ డబ్బాకు మాత్రం అటువంటి సూచిక ఏదీ లేదు. అందులో లోపం బయటపడితే ముందు నిపుణులకు తెలుస్తుంది, ఆపైన దొంగలకు తెలుస్తుంది. నెలనెలా బిల్లు కట్టే ఇంటివారికే చిట్టచివర తెలుస్తుంది. ఒక్కోసారి అసలు తెలియదు.

2017 జూలైలో జరిగింది చూడండి. దేశంలో పలుచోట్ల బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ మోడెములు వేల సంఖ్యలో మూగపోయాయి. బ్రికర్‌బాట్ అనే ప్రోగ్రాం వాటిలో జొరబడి, లోపలి సరంజామాను చెరిపివేసింది. ఆ మోడెములకు కంపెనీలో పెట్టిన పాస్‌వర్డు ‘అడ్మిన్’. ఊరందరి తాళాలకూ ఒకే తాళంచెవి అన్నమాట! దాన్ని సృష్టించినవాడు లోపమున్న యంత్రాలను ముందే పనికిరాకుండా చేసి లోకోపకారం చేస్తున్నానని చెప్పుకున్నాడు. దొంగ వస్తాడని ఇల్లే కూలగొట్టినట్టుంది ఆ ఉపకారం. పాస్‌వర్డు మార్చుకోవాలని సంస్థ వినియోగదారులకు సూచించింది. సూచన మంచిదే. కాని డబ్బా బిగించిన నాడే ఆ మాట ఎందుకు చెప్పలేదన్నది ప్రశ్న. అంతకు ఎనిమిది నెలల ముందే, 2016 నవంబరులో, జర్మనీలో ఇటువంటి దాడికే సుమారు 9 లక్షల ఇళ్ల కనెక్షన్లు దెబ్బతిన్నాయి. ఆ అనుభవమైనా ఇక్కడ కళ్లు తెరిపించలేదు.

పాస్‌వర్డు మార్చితే సరిపోతుందా అంటే అదీ లేదు. డబ్బాను నడిపే లోపలి ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. 2018లో దాసాన్ అనే కంపెనీ ఫైబర్ రౌటర్ల ఫర్మ్‌వేర్‌లో ఒక లోపం బయటపడింది. అడ్రసు చివర చిన్న ముక్క తగిలిస్తే చాలు, పాస్‌వర్డు అడగకుండానే తలుపు తెరుచుకునేది. ఇటువంటి లోపాన్ని కంపెనీ ఇచ్చే కొత్త ఫర్మ్‌వేరే పూడ్చాలి. ఇంటివారు చేయగలిగింది స్వల్పం.

లోపలికి వచ్చినవాడు చేసేదేమిటి? బ్యాంకు పేరు కొడితే ఎక్కడికి వెళ్లాలో చెప్పే చిరునామా పుస్తకాన్నే మార్చేస్తాడు. మనం కొట్టింది బ్యాంకు పేరే, తెరుచుకునేది దొంగ దుకాణం. ఇది భద్రమైన చోటు కాదని ఫోను హెచ్చరించవచ్చు. ఆ హెచ్చరిక ఇంగ్లీషులో ఉంటే ఎంతమంది ఆగుతారు? ఉక్కు కర్మాగారంలో జీవితమంతా పనిచేసి, పి.ఎఫ్., గ్రాట్యుటీ సొమ్మును బ్యాంకులో దాచుకున్న కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ పల్లెలకు పాకింది. అప్పట్లో నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ అంటే పల్లె జనం సంతోషించడం సహజం. దాని నిర్వహణ కేంద్రాన్ని విశాఖలోనే నెలకొల్పారు. ఆ డబ్బాల్లో లోపం ఉందని మేము అనడంలేదు. ఏ డబ్బాకు ఏ ఫర్మ్‌వేర్ ఉందో, చివరిసారి ఎప్పుడు మార్చారో ప్రకటించవలసింది ఆ సంస్థ. ప్రైవేటు కంపెనీలకూ ఇదే వర్తిస్తుంది.

కేంద్ర సంస్థ సర్ట్-ఇన్ హెచ్చరికలు విడుదల చేస్తూనే ఉంది. అవి నిపుణుల భాషలో ఉంటాయి, సబ్బవరం కేబుల్ ఆపరేటరు దాకా రావు. బిగించే కుర్రాడు వైఫై పాస్‌వర్డు చీటీ మీద రాసిచ్చి వెళతాడు. డబ్బా సెట్టింగులకు వేరే పాస్‌వర్డు ఉంటుందన్న సంగతి ఎవరూ చెప్పరు. ఆ రెండో పాస్‌వర్డును కూడా మార్చాకే కనెక్షన్ ఇవ్వాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అన్ని డబ్బాలకూ ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మడం చట్టవిరుద్ధం. ఎంతకాలం మరమ్మతులు ఇస్తారో కూడా అమ్మేవారు చెప్పి తీరాలి. మందు సీసా మీద గడువు తేదీ ఉన్నట్టే ఇక్కడా డబ్బా మీద ఆ తేదీ ముద్రించాలి.

లోపం బయటపడిన రోజునే తెలుగులో ఎస్.ఎం.ఎస్. పంపడం కంపెనీలకు కష్టమేమీ కాదు. బిల్లు గడువు దాటితే పంపుతూనే ఉన్నారు కదా. గడువు తీరిన డబ్బాలను ఉచితంగా మార్చాలి. పింఛనుదారులు ఎక్కువగా ఉన్న కూర్మన్నపాలెం, గాజువాకల నుంచి ఈ పని మొదలుపెట్టవచ్చు.