పానా పట్టిన చేయి కలం వదలకూడదు

ఇంజనీరు అంటే లేచి నిలబడే మన ఊళ్లలోనే మెకానిక్ అంటే చిన్నచూపు. ఇద్దరూ అదే ఇంజన్ గురించి ఆలోచిస్తారు. మరి గౌరవంలో ఇంత తేడా ఎందుకు వచ్చిందో హాస్టల్ సోదరులు ఆలోచించాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

పల్నాడులో ఇంజన్లకు కొదవ లేదు. మిరప, పత్తి చేలల్లో ట్రాక్టర్లు, ఆయిల్ ఇంజన్లు, పిడుగురాళ్ల సున్నం, మాచర్ల వైపు సిమెంటు మోసే లారీలు, నరసరావుపేట రోడ్ల నిండా మోటారు సైకిళ్లు. శబ్దం విని బండి పేరు చెప్పగల వాళ్లు మన గదుల్లోనే ఉన్నారు. సెలవుల్లో షెడ్డుకు వెళ్లి, పదో తరగతి వదిలేసి అక్కడే హెల్పర్లుగా ఉండిపోయిన వాళ్లూ ఉన్నారు. ఇంజన్ మీద మోజు తప్పు కాదు. చదువు మధ్యలో ఆగిపోవడమే మా బాధ.

ట్యూనింగ్ అంటే సైలెన్సర్ మార్చి ఊరంతా అదరగొట్టడమని కొందరు అనుకుంటారు. నిజానికి అది కొలతల పని. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి తగ్గితే ప్లగ్గుకు మసి పడుతుంది, మైలేజి పడిపోతుంది. పెట్రోలు మరీ తగ్గితే ఇంజన్ వేడెక్కుతుంది, ప్లగ్గు తెల్లబడుతుంది. స్పార్క్ ఎప్పుడు పడాలన్నది డిగ్రీల లెక్క. ట్యాపెట్ సందును ఫీలర్ గేజితో మిల్లీమీటరులో నూరో వంతు దాకా చూడాలి. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో కార్బురేటరు పోయి ఇంజెక్షన్, దాన్ని నడిపే చిన్న కంప్యూటరు వచ్చాయి. ఇక చెవితో విని స్క్రూ తిప్పితే చాలదు, అంకెలూ గ్రాఫులూ చదవాలి. తరగతిలో మనం విసుక్కునే నిష్పత్తులు అక్కడ అన్నం పెడతాయి.

కంపెనీ ఇచ్చిన దానికన్నా ఎక్కువ శక్తి రాబట్టే పనికి చోటు శ్రీపెరుంబుదూరు, కోయంబత్తూరు వంటి రేసు ట్రాకుల మీదే. రోడ్డు బండిని ఇష్టం వచ్చినట్లు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. మన ప్రాంతంలో రోజూ గిరాకీ ఉన్నది బండిని తిరిగి కంపెనీ కొలతలకు తెచ్చే పనికే.

ఆ కోయంబత్తూరులోనే జి.డి. నాయుడు గారు ఉండేవారు. 1893లో తెలుగు రైతు కుటుంబంలో పుట్టారు. బడి చదువు సాగలేదు. ఒక దొర నడిపిన రడ్జ్ మోటారు సైకిలు చూసి మోజుపడి, హోటల్లో సర్వరుగా పనిచేసి కూడబెట్టి ఆ బండి కొన్నారు. దాన్ని పూర్తిగా విప్పి, మళ్లీ బిగించి పని నేర్చుకున్నారు. 1920లో పొల్లాచి, పళని మధ్య ఒక్క బస్సుతో వ్యాపారం మొదలుపెట్టి పెద్ద సంస్థగా పెంచారు. అంత చేసిన ఆయన 1945లో అక్కడ సాంకేతిక కళాశాల రావడానికి ముఖ్య కారకులయ్యారు. చదువు విలువ చదువు దొరకని వారికే బాగా తెలుస్తుంది. మన వెనుక పొలమూ లేదు, పెట్టుబడీ లేదు. కాబట్టి మనకు చదువు ఇంకా ఎక్కువ అవసరం.

షెడ్డులో హెల్పరు యజమాని కావాలంటే చేతిపని ఒక్కటే చాలదని మా అభిప్రాయం. ఏ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఏం మార్చాం, ముందు ఎంత మైలేజి, తర్వాత ఎంత అని రాసి పెట్టాలి. ఖర్చెంతో పని మొదలుపెట్టక ముందే చెప్పాలి. "కాయలు అమ్మాక ఇస్తాలే" అనే రైతును కాదనలేము. ఆ ఉద్దెర పుస్తకంలో లేకపోతే మాత్రం షెడ్డు మూతపడుతుంది.

దారులు ఉన్నాయి. పది పాసైతే ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ కోర్సు రెండేళ్లు, డీజిల్ మెకానిక్ ఒక ఏడాది. సొంత షెడ్డు పెట్టుకునే వారికి 2015లో మొదలైన ముద్రా పథకంలో శిశు విభాగం కింద రూ. 50,000 వరకు బ్యాంకు రుణం ఉంది.

పూర్వ విద్యార్థులకు ఒక్క విన్నపం. మీలో షెడ్డులు నడిపే అన్నలు పనికిరాని పాత ఇంజన్ ఒకటి హాస్టల్‌కు ఇవ్వండి. నెలకో ఆదివారం వచ్చి మా చేత విప్పించి, బిగించండి. వార్డెన్ గారు వరండాలో కాస్త చోటిస్తే చాలు. మోజు ఉన్న తమ్ముడు షెడ్డు కోసం బడి మానడు. పది పాసై, పనీ నేర్చి, తన పేరు బోర్డు కింద కూర్చుంటాడు.