బోరు ఒకటే, గొట్టాలు నాలుగు

శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో ఉద్యోగం రాని మా సత్యవేడు వైపు కుర్రాళ్లు సొంతంగా వ్యాపారం చేయాలనుకోవడం మెచ్చదగినదే. అయితే, వేరుశనగ నూనో, మామిడి తాండ్రో ఈమెయిలు మీద అమ్ముదామనుకునే రైతుబిడ్డలకు ఓ తప్పుడు సలహా దొరుకుతోంది: ఒకే ఖాతాకు నాలుగు మారుపేర్లు తగిలిస్తే నాలుగింతల ఉత్తరాలు పంపవచ్చునట!

ఒకే బోరుకు నాలుగు గొట్టాలు తగిలిస్తే నీళ్లు పెరుగుతాయా? మామూలు జీమెయిల్ నుంచి రోజుకు 500 ఉత్తరాలే పోతాయి. డబ్బు కట్టే వర్క్‌స్పేస్‌లో 2,000. అక్కడ మనిషికి 30 మారుపేర్లు పెట్టుకోనిస్తారు గానీ, లెక్క మాత్రం ఖాతాదే. ఆర్డర్లు ఒకవైపు, ఫిర్యాదులు ఒకవైపు వేరుచేసుకోవడానికే మారుపేరు పనికొస్తుంది.

హద్దు పెట్టడం అన్యాయమని నేననను. 2024 ఫిబ్రవరి నుంచి, రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లు వద్దన్నవారికి ఒక్క నొక్కుతో తప్పుకునే వీలివ్వాలని గూగుల్ నియమం పెట్టింది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి, అంటే వెయ్యికి మూడుకు, చేరకూడదు. ఒక మారుపేరుతో తెచ్చుకున్న చెడ్డపేరు మొత్తం డొమైన్‌కు అంటుకుంటుంది. తర్వాత నిజంగా సరుకు అడిగినవాడికి రాసిన జాబూ చెత్తబుట్టలోకే పోతుంది.

మిత్రులారా, అడిగినవాళ్లకే రాద్దాం. వందమందికే రాసినా, మన సొంత పేరుతోనే రాద్దాం.