లాభం కంపెనీకి, చెత్త రైతు చేనుకా?

బెజ్జంకి ప్రాంతపు రైతుకు విత్తనం, ఎరువు, మందు, అన్నీ ప్లాస్టిక్‌లోనే వస్తున్నాయి. డ్రిప్పు పైపు, కూరగాయల మళ్లలో పరిచే మల్చింగు షీటు కూడా ప్లాస్టిక్కే. షీటు ఎండకు పెళుసెక్కి పీలికలవుతుంది. అంతా ఏరి తీయాలంటే కూలి ఖర్చు. మిగిలింది ట్రాక్టరు కింద నలిగి మన్నులో కలుస్తుంది.

మన్నులో కలిసిందంటే పోయినట్టు కాదు. ప్లాస్టిక్ చివకదు, చిన్నదవుతుంది, అంతే. 5 మిల్లీమీటర్ల లోపు ముక్కలను శాస్త్రజ్ఞులు మైక్రోప్లాస్టిక్ అంటున్నారు. కంటికి ఆనని రేణువులు నీటితో, తిండితో, గాలితో మన ఒంట్లో చేరుతున్నాయి.

ఇది ఉత్త భయం కాదు. నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ కనిపించిందని 2022లో వెల్లడైంది. ఇటలీలో 257 మంది రోగుల మెడ రక్తనాళాల నుంచి తీసిన కొవ్వు పూడికలను పరీక్షిస్తే 150 మందిలో ప్లాస్టిక్ ఉన్నదని 2024లో తేలింది. ఆ తర్వాత దాదాపు మూడేళ్లలో వారికి గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు తక్కినవారికన్నా నాలుగున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. ప్లాస్టిక్కే కారణమని ఇంకా రుజువు కాలేదు, నిజమే. రుజువయ్యేదాకా చేను నింపుకుంటూ పోదామా?

ఖాళీ డబ్బాలు గట్ల మీద పారేస్తున్నారని, షీట్లు తగలబెడుతున్నారని రైతునే తప్పుపట్టే పెద్దలున్నారు. మరి ఎక్కడ వెయ్యాలె? ఊళ్లో వాపసు తీసుకునేవారెవరు? 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనలు ఖాళీ డబ్బాలను పగలగొట్టి ఊరికి దూరంగా పాతిపెట్టమన్నాయి. పాతితే ఆ ప్లాస్టిక్ చేరేది మళ్లీ మన్నులోకే కదా!

ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులదేనని కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఎరువు సంచి, విత్తన ప్యాకెట్, మందు డబ్బా ప్యాకింగ్ కాదా? కాగితం మీది బాధ్యత చేనుగట్టు దాకా రావాలి.

ప్రజలు తమ వంతు చేయగలరు. సిద్దిపేట జిల్లా పల్లెల్లో విందులకు ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు మాని స్టీల్ బ్యాంకుల నుంచి గిన్నెలు తెచ్చుకోవడమే సాక్ష్యం. మందు డబ్బాలో తాగే నీళ్లు పట్టవద్దని, ప్లాస్టిక్‌ను పొలంలో తగలబెట్టవద్దని రైతు సోదరులకు మేమూ చెబుతున్నాము. కాని కంపెనీ చేయవలసిన పని రైతు నెత్తిన వేస్తే ఒప్పుకోము.

ప్రతి మండలంలో సహకార సంఘం వద్ద సేకరణ కేంద్రం పెట్టాలి. ఖర్చు కంపెనీలు భరించాలి. ఏరడానికి వీలులేని పలుచని షీట్ల అమ్మకం ఆపాలి. షీటు ఏరిన కూలి కూడా సబ్సిడీలో కలపాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇక్కడి మన్ను, నీళ్లు పరీక్షించి ఫలితాలు ఊరి ముందు పెట్టాలి. ఈ కోర్కెలపై రైతు సంఘాలు ఊరూరా కదలాలని కోరుతున్నాము. మన్ను చెడితే మందు లేదు.