పళ్ల డాక్టరు వీపు కూడా చూడాలి

జూన్‌లో యూనిఫాంలు కుట్టే దర్జీ ఏడో తరగతి అమ్మాయి భుజాల మీద టేపు పెట్టి, "నిటారుగా నిల్చో తల్లీ" అంటాడు. ఆ పిల్ల నిటారుగానే నిల్చుంటుంది, అయినా కుడి భుజం అర అంగుళం పైకే ఉంటుంది. కొలత ఇంకోసారి తీసుకుని, పైకేమీ అనకుండా, ఒక పక్క కాస్త గుడ్డ వదిలి కుట్టేస్తాడు. వెన్ను పక్కకు ఒంగుతున్న సంగతి చాలా ఇళ్లలో మొదట పట్టుకునేది ఇలాంటి దర్జీయో, తలకు నూనె రాసి జడ వేసే అమ్మమ్మో. డాక్టరు వంతు ఎప్పటికో గాని రాదు.

అదే పిల్లకి గడ్డం ఒక పక్కకు జరిగినట్టుంటే ఇల్లంతా గమనిస్తుంది. చుట్టాలు గమనిస్తారు. వెంటనే క్లిప్పులు వేయించడానికి బయల్దేరతారు. ముఖం మీద మనకున్న శ్రద్ధలో పావు వంతు కూడా వీపు మీద లేదు.

దవడ ఒక పక్క ఎక్కువ, మరో పక్క తక్కువ పెరగడానికీ, వెన్ను ఒంగడానికీ సంబంధం ఉందా? దవడను సరిచేస్తే వెన్ను కూడా దారికొస్తుందని ఆశపెట్టే ప్రచారం ఒకవైపు. పళ్లకీ వెన్నుకీ ఏం సంబంధమని కొట్టిపారేసే పెద్దరికం మరోవైపు. రెండూ తొందరపాటు మాటలే.

సంబంధం ఉందనడానికి తిరుగులేని రుజువు అమెరికాలోని మిల్వాకీలో దొరికింది, అదీ తలకిందులుగా. 1940ల్లో వాల్టర్ బ్లౌంట్, ఆల్బర్ట్ ష్మిట్ అనే ఇద్దరు ఎముకల డాక్టర్లు వంకర వెన్ను కోసం ఒక పట్టీ తయారుచేశారు. నడుముకి బిగుతైన పట్టా, దాన్నుంచి పైకి లేచే లోహపు కమ్మీలు, మెడ చుట్టూ రింగు, గడ్డం కింద ఒక మెత్త. రోజుకి 23 గంటలు, ఏళ్ల తరబడి తొడుక్కోవాలి. ఎదిగే వయసు పిల్లల దవడ రాత్రీ పగలూ ఆ మెత్త మీద ఆని ఉండేది. వెన్ను సంగతి అలా ఉంచితే, ఆ పిల్లల పై పళ్లు ముందుకు తోసుకొచ్చాయి, ముఖం కింది భాగం ఎదగాల్సినంత ఎదగలేదు. 1960ల్లో పళ్ల డాక్టర్లు ఈ మార్పుల్ని కొలిచి రాశారు. తర్వాత గడ్డం మెత్త తీసేసి, దవడ మీద భారం పడకుండా గొంతు దగ్గర ఆనే భాగాన్ని అమర్చారు. వెన్నుకి చేసిన వైద్యం దవడను మార్చగలదని అలా తేలింది. దవడకి చేసే వైద్యం వెన్నును మారుస్తుందని మాత్రం ఆ అనుభవం చెప్పలేదు. ఇప్పటి ప్రచారమంతా ఈ తేడాను దాటేస్తోంది.

రెండూ కలిసి రావడానికి వేరే దారులున్నాయి. కొందరు పసిపిల్లలకి చెవి వెనక నుంచి కాలరు ఎముక దాకా వచ్చే మెడ కండరం ఒక పక్క బిగుసుకుపోయి ఉంటుంది. తల అటే వాలుతుంది. మొదటి ఏడాదిలోనే మెడ కండరాన్ని సాగదీసే వ్యాయామాలు చేయిస్తే చాలామందికి సర్దుకుంటుంది. 'పడుకున్న తీరు బాగాలేదు, పెద్దయ్యాక అదే పోతుంది' అని వదిలేస్తే, ఆ పక్క చెంప, దవడ చిన్నవిగా మిగిలిపోతాయి. వాలిన తలతోనే కళ్లను సమంగా ఉంచుకోవడానికి మెడా, వీపు పైభాగమూ ఒంపు తిరుగుతాయి. అపరాధి ఒక్క కండరమే, దెబ్బ రెండు చోట్ల.

గర్భంలోనే మొదలయ్యేదీ ఉంది. 1952లో మారిస్ గోల్డెన్‌హార్ వివరించడంతో ఆయన పేరు మీద నిలిచిన ఈ లోపంలో ముఖం ఒక పక్క, చెవి, దవడ సరిగా ఏర్పడవు. చాలామందికి వెన్నుపూసలు కూడా అతుక్కునో, సగమే ఏర్పడో ఉంటాయి. అలాంటి బిడ్డ పుడితే చెవి ఆకారం గురించి దిగులుపడి ఊరుకోకుండా వెన్ను ఎక్స్‌రే అడగాలి.

మూలం ఒకటే అయితే పంటి మీదా వెన్ను మీదా కలిసి కనిపించడమెలా ఉంటుందో తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నల్లగొండ, కనిగిరి ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు పళ్లకి గార పట్టించాయి, నడుములు ఒంచేశాయి. అక్కడ పళ్లు తోమించి వెన్ను బాగుచేస్తామని ఎవరూ అనలేదు. నీళ్లు మార్చమన్నారు.

ఇక పేచీ అంతా పైకి కారణం కనిపించని వంకర గురించే. ఎక్స్‌రేలో 10 డిగ్రీలు దాటితే దాన్ని స్కోలియోసిస్ అంటారు. టీనేజీ పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటుంది. వీళ్లలో పై పళ్లు, కింది పళ్లు ఒక పక్క తప్పుగా కలవడం మిగతా పిల్లల్లో కంటే ఎక్కువని అధ్యయనాలు వచ్చాయి. 2005లో ఇటలీ పరిశోధకులు ఎలుకల దవడపంటి మీద ఒక వైపు చిన్న దిమ్మె కట్టి, వాటి వెన్ను ఒంగడాన్ని చూపించారు. రెండో వైపు కూడా కట్టి సమం చేశాక చాలావాటికి వెన్ను చక్కబడింది. ఈ ఎలుకల కథ చాలా ప్రచారాలకు పెట్టుబడి అయింది. నాలుగు కాళ్ల మీద నడిచే ఎలుక వెన్ను వేరు, నిలబడే మనిషి వెన్ను వేరు. పిల్లల మీద వచ్చిన అధ్యయనాలు ఎక్కువగా ఒక్క రోజు ఫొటో లాంటివి, ఏది ముందో ఏది వెనకో చెప్పలేవు. పళ్ల కలయిక మార్చి ఒంటి తీరు సరిచేయాలనుకోవడం తగదని సమీక్షలు రాసినవాళ్లే హెచ్చరించారు.

పని చేసేదేమిటో మాత్రం తెలుసు. అమెరికా, కెనడాల్లో జరిగి 2013లో వెలువడిన పరీక్షలో, నడుము పట్టీ వేసుకున్నవారిలో 72 శాతం మందికి వంకర 50 డిగ్రీలకు చేరకుండానే ఎదుగుదల పూర్తయింది. పట్టీ లేకుండా గమనిస్తూ ఉంచినవారిలో అది 48 శాతమే. ఎన్ని ఎక్కువ గంటలు వేసుకుంటే అంత ఫలితం. అయితే ఇదంతా పిల్ల ఎదుగుతున్నన్నాళ్లే. నోట్లో పెట్టుకునే ప్లేటుతో వెన్ను దానంతటదే నిలబడుతుందని ఏడాదిన్నర ఎదురుచూస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు, ఆ ఎదిగే కాలం కూడా.

అసలు సంబంధం దొరికేది పళ్ల డాక్టరు కుర్చీలోనే. క్లిప్పులు వేసే ముందు పక్క నుంచి తల ఎక్స్‌రే తీస్తారు. అందులో మెడలోని 2, 3, 4 వెన్నుపూసల అడుగంచు చదునుగా ఉందా, గుంట పడిందా అని చూసి, పిల్ల ఎదుగుదల ఏ దశలో ఉందో అంచనా వేస్తారు. దవడ జోరుగా పెరిగేదీ, వెన్ను వంకర జోరుగా ముదిరేదీ దాదాపు ఆ వయసులోనే. అంటే వెన్ను ఎప్పుడు ప్రమాదంలో పడుతుందో చెప్పే ఫొటో దవడ డాక్టరు చేతిలో ముందే ఉంది. ఆయన చూపు మరో జానెడు కిందికి దిగితే చాలు.

బడిలో పిల్లలందరికీ వెన్ను వంకర పరీక్ష చేయడం వల్ల లాభమా నష్టమా తేల్చడానికి ఆధారాలు చాలవని అమెరికా నిపుణుల బృందం 2018లో చెప్పింది. అనవసరపు ఎక్స్‌రేలు, అనవసరపు భయాలు అన్న అభ్యంతరం తీసిపారేసేది కాదు. అక్కడి ఎముకల డాక్టర్ల సంఘాలు మాత్రం ఆడపిల్లలకి 10, 12 ఏళ్లకీ, మగపిల్లలకి 13 లేదా 14 ఏళ్లకీ చూడమంటున్నాయి. అసలే దవడ ఒరిగి కుర్చీ ఎక్కిన పిల్ల విషయంలో ఇంత చర్చ కూడా అక్కర్లేదు.

మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు సర్కారు బడులకు ఏడాదికోసారి వెళ్తాయి. వాళ్లు చూడాల్సిన 30 సమస్యల జాబితాలో పంటి జబ్బులున్నాయి, వెన్ను వంకర పేరు లేదు. ఆ 'నోరు తెరువమ్మా' తర్వాత ఇంకొక్క మాట చేరిస్తే సరిపోతుంది. దానికి యంత్రం అక్కర్లేదు. 1865లో లండన్ సర్జన్ విలియం ఆడమ్స్ రాసిపెట్టిన పద్ధతే నేటికీ వాడుతున్నారు. ఆడపిల్లయితే పక్కన తల్లో నర్సో ఉండాలి, వీపు కనపడాలి. మోకాళ్లు మడవకుండా, రెండు అరచేతులూ జోడించి, నేల వైపు ఒంగమనాలి. వెనక నిల్చున్నవాళ్లు తమ కళ్లను ఆ వీపు ఎత్తుకి దించి చూడాలి. పక్కటెముకలు ఒక పక్క చిన్న గుట్టలా లేస్తే ఎముకల డాక్టరుకి చీటీ రాయాలి. నిండా అర నిమిషం పట్టదు.